దిస్, దట్, దీజ్, దోజ్: మన పిల్లలకు ఎట్లా నేర్పాలి

ఏ ఊరి బడికి పోయినా ఇంగ్లీష్ పీరియడ్‌లో ఇది కనబడుతుంది. టీచర్ బోర్డు దగ్గర నిలబడి పుస్తకం పైకెత్తి "వాట్ ఈజ్ దిస్?" అని అడుగుతారు. క్లాసంతా ఒక్క గొంతుతో "దిస్ ఈజ్ ఎ బుక్" అంటుంది. చివరి వరుసలో కిటికీ పక్కన కూర్చున్న పిల్ల కూడా అదే అంటుంది. ఆ పుస్తకం ఆ పిల్లకు ఇరవై అడుగుల దూరంలో ఉన్నది. తెలుగులో అడిగి ఉంటే తడుముకోకుండా "అది పుస్తకం" అనేది. ఇంగ్లీష్‌లో మాత్రం "ఇది" అన్నది. మనం వెరీ గుడ్ అన్నాం.

నేను కూడా చాలా ఏండ్లు ఇట్లాగే చెప్పిన. పిల్లలు రాగం తీసి చెబుతుంటే వచ్చేసిందని అనుకున్న. ఆరో తరగతికి వచ్చాక అదే పిల్లలు కిటికీలోంచి చెట్టును చూపిస్తూ "దిస్ ఈజ్ ఎ ట్రీ" అంటుంటే తప్పు ఎక్కడ మొదలైందో అర్థమైంది. వాళ్లు నేర్చుకున్నది టీచర్ నోటి మాటను తిరిగి చెప్పడం. దిస్ అంటే ఏమిటో నేర్చుకోలేదు.

నల్లగొండ, దేవరకొండ, మహబూబ్‌నగర్ వైపు పల్లె బళ్లను మనసులో పెట్టుకుని ఇది రాస్తున్న. 2022-23 విద్యా సంవత్సరం నుంచి సర్కారు బళ్లల్లో కూడా ఇంగ్లీష్ మీడియం వచ్చింది. ఇంట్లో ఒక్క ఇంగ్లీష్ మాట వినబడని పిల్లలు ఇప్పుడు లెక్కలు, సైన్సు కూడా అదే భాషలో చదవాలి. "దీజ్ యాంగిల్స్ ఆర్ ఈక్వల్" అన్న వాక్యంలో దీజ్ దగ్గరే ఆగిపోయిన పిల్లవాడికి కోణాలు రావని మనం అనుకుంటాం. కోణాలు వాడికి వచ్చు, దీజ్ రాదు. అందుకే ఈ నాలుగు చిన్న మాటల మీద మూడు వారాలు పెట్టినా నష్టం లేదంటాను.

ఒక సంగతి ముందే మనసులో పెట్టుకోండి. దగ్గర, దూరం అన్నది మన పిల్లలకు మనం నేర్పే పని లేదు. అది వాళ్లకు రెండేండ్ల వయసుకే వచ్చు. తెలుగు దారి, ఇంగ్లీష్ దారి ఎక్కడ విడిపోతాయో అక్కడ నిలబడి నేర్పాలి. అట్లాంటి చోట్లు ఐదారున్నయి. ఒక్కొక్క దాని దగ్గరికి పోదాం.

మొదటి రోజు: ఇంగ్లీష్ ముట్టుకోకండి

మొదటి పీరియడ్ తెలుగులోనే నడపండి. మన ప్రాంతంలో దగ్గర ఉన్నదాన్ని చూపిస్తూ "ఇగో" అంటాం, దూరం ఉన్నదాన్ని చూపిస్తూ "అగో" అంటాం. పిల్లలను లేపి బడి ఆవరణలో తిప్పండి. "ఇగో, వేపచెట్టు", "అగో, నీళ్ల ట్యాంకు" అని వాళ్లే చూపించాలి. "గిదేంది?", "గదేంది?" అని పిల్లలు అడిగితే "గిది కాదు, ఇది అనాలె" అని దిద్దకండి. గిది, గది అన్న మాటల్లోనే ఇవాళ్టి పాఠమంతా ఉన్నది. ఇంటి మాటను దిద్దితే పిల్లవాడు నోరు మూసుకుంటాడు. నోరు మూసుకున్న పిల్లవాడికి ఏ భాషా నేర్పలేం.

తర్వాత బోర్డు మీద నాలుగు వరుసలు రాయించండి. ఇక్కడ, అక్కడ, ఎక్కడ. ఇటు, అటు, ఎటు. ఇప్పుడు, అప్పుడు, ఎప్పుడు. ఇంత, అంత, ఎంత. ఇ అంటే దగ్గర, అ అంటే దూరం, ఎ అంటే ప్రశ్న. ఇన్నేండ్లుగా మాట్లాడుతున్న భాషలో ఇట్లాంటి కట్టుబాటు ఉన్నదని తెలిసినప్పుడు పిల్లల ముఖాలు చూడాలి. క్లాసులో ఉర్దూ మాట్లాడే ఇంటి పిల్లలుంటే పక్కన వాళ్లతో యహా, వహా, కహా అని రాయించండి. తండా పిల్లలుంటే వాళ్ల ఇంటి మాటలు వాళ్లే వచ్చి చెప్పాలి, మీరు తెలుగు లిపిలో రాయండి. చివరి వరుసలో ఇంగ్లీష్ పెట్టండి: హియర్, దేర్, వేర్. దిస్ అన్న మాట హియర్‌తో పోతుంది, దట్ దేర్‌తో పోతుంది అని చెప్పి ఆ రోజుకు వదిలేయండి.

ముగ్గు గీత ఆట

రెండో రోజు కావలసిన సామాను: ముగ్గుపిండి, రెండు బత్తాయిలు, ఒక దస్తీ, ఒక పలక, ఒక చెప్పు, ఒక గ్లాసు. కొనే పని లేదు. నల్లగొండ పక్క బత్తాయి దొరకని ఊరుండదు. మహబూబ్‌నగర్ పక్కనయితే దసరా ముందు వెనుకల సీతాఫలాలు తెప్పించండి. బాలానగర్ పేరు మీద సీతాఫలంలో ఒక రకమే ఉన్నదని చెబితే పిల్లలు ఇంకా ఇష్టంగా పట్టుకుంటారు.

నేల మీద రెండు అడుగుల గుండ్రం గీయండి. ఒక పిల్లను మధ్యలో నిలబెట్టండి. గీత లోపల పలక, గ్లాసు పెట్టండి. బత్తాయి, చెప్పు బయట పెట్టండి, పది పదిహేను అడుగుల దూరంలో ఉండాలి. లోపలిదాన్ని చేత్తో ముట్టుకుని "దిస్ ఈజ్ ఎ గ్లాస్" అనాలి. బయటిదాన్ని చెయ్యి చాపి చూపిస్తూ "దట్ ఈజ్ ఎ స్లిప్పర్" అనాలి. దిస్ అన్నప్పుడు ముట్టుకోవడం, దట్ అన్నప్పుడు చెయ్యి చాపడం తప్పనిసరి. మాటా చెయ్యీ ఒక్కసారి కదలాలి.

ఒక్కో పిల్లకు నిమిషం చాలు. ముప్పై మంది ఉంటే ఒకేసారి నాలుగు గుండ్రాలు గీయండి.

అసలైన పాఠం ఆ తర్వాత వస్తుంది. రెండు గుండ్రాలు ఎదురెదురుగా గీసి ఇద్దరిని నిలబెట్టండి. ఒకరి దగ్గర బత్తాయి, ఇంకొకరి దగ్గర దస్తీ. బత్తాయి పట్టుకున్న పిల్ల "దిస్ ఈజ్ ఎ స్వీట్ లైమ్, దట్ ఈజ్ ఎ హ్యాండ్‌కర్చీఫ్" అంటుంది. ఎదుటి పిల్లవాడు అదే బత్తాయిని చూస్తూ "దట్ ఈజ్ ఎ స్వీట్ లైమ్" అంటాడు. బత్తాయి కదలలేదు, మాట మారింది. ఇద్దరూ చోటు మార్చుకుని, వస్తువులు అక్కడే వదిలేసి మళ్లీ చెప్పమనండి. దిస్, దట్ అన్నవి వస్తువుకు పెట్టిన పేర్లు కావు, మాట్లాడే మనిషి నిలబడ్డ చోటును బట్టి వచ్చే మాటలని పిల్లలకు వివరించే పని ఉండదు. వాళ్ల కాళ్లే చెబుతాయి.

ఇక్కడి నుంచి మీరు కూడా మారాలి. మీ చేతిలో పుస్తకం ఉండి "వాట్ ఈజ్ దిస్?" అని అడిగినప్పుడు బెంచీల్లోంచి వచ్చే జవాబు "ఇట్ ఈజ్ ఎ బుక్" కావాలి, లేదా "దట్ ఈజ్ ఎ బుక్" కావాలి. "దిస్ ఈజ్ ఎ బుక్" అని వస్తే ఏమీ అనకండి. నడుచుకుంటూ పోయి ఆ పుస్తకం వాళ్ల చేతిలో పెట్టండి. "ఇప్పుడు దిస్" అనండి.

నల్లగొండ పట్నంలో ఉన్నవాళ్లకు ఇంకో సౌకర్యం ఉన్నది. బయటికొచ్చి చూస్తే గుట్టలు కనబడతాయి. "దట్ ఈజ్ లతీఫ్ సాహెబ్ గుట్ట" అని కింద నిలబడి అనిపించండి. ఎప్పుడైనా పిల్లలను గుట్ట ఎక్కిస్తే పైన నిలబడి అదే వాక్యం చెప్పమనండి. దిస్ దానంతట అదే వస్తుంది, "దట్ ఈజ్ అవర్ స్కూల్" కూడా వస్తుంది.

మాయమయ్యే 'ఈజ్'

తెలుగులో "ఇది పలక" అంటే వాక్యం నిండింది. క్రియ అక్కర లేదు. అందుకే పిల్లలు "దిస్ స్లేట్" అని ఆగిపోతారు. వాళ్ల లెక్కలో అది నిండు వాక్యమే. "ఈజ్ ఏదిరా?" అని కసిరితే వాళ్లకు అర్థం కాదు, ఎందుకంటే తెలుగులో దానికి సరిపడే మాట చూపించలేం. నేను చేసేది ఇది: ముగ్గురు పిల్లలను వరుసగా నిలబెట్టి ఒకరికి దిస్, నడుమ ఉన్నవారికి ఈజ్, చివరివారికి స్లేట్ అని పేర్లు పెడతాను. ముగ్గురూ చేతులు పట్టుకుని తమ తమ మాట చెప్పాలి. ఈజ్ పక్కకు జరిగితే మిగతా ఇద్దరి చేతులు విడిపోతాయి. నడుమ పిల్ల లేకుంటే గొలుసు తెగుతుందని కండ్లతో చూసిన తర్వాత మరిచిపోవడం తగ్గుతుంది.

ప్రశ్నలో తిప్పలు ఇంకో రకం. "ఇది ఏంది?" అన్న వరుసలోనే "దిస్ ఈజ్ వాట్?" అంటారు. అదే గొలుసును అడ్డం తిప్పి వాట్ ముందుకు వచ్చి నిలబడేట్టు చేయండి. రెండు రోజుల్లో కుదురుతుంది.

అది అంటే దట్ ఒక్కటే కాదు

తెలుగులో "అది" రెండు పనులు చేస్తుంది. దూరం ఉన్నదాన్ని చూపిస్తుంది, ఇంతకు ముందు చెప్పుకున్నదాన్ని మళ్లీ తలుస్తుంది. ఇంగ్లీష్‌లో మొదటి పనికి దట్, రెండో పనికి ఇట్. పిల్లలకు ఇట్లా చెప్పండి: మొదటిసారి వేలు పెట్టి చూపించేటప్పుడు దిస్ లేదా దట్. చూపించడం అయిపోయింది, ఇద్దరికీ దేని గురించో తెలిసింది, ఇక వేలు దించేయండి. వేలు దించాక ఇట్.

"ఈజ్ దిస్ యువర్ పెన్?" అంటే "ఎస్, ఇట్ ఈజ్". "ఎస్, దిస్ ఈజ్" కాదు. "ఆర్ దీజ్ యువర్ స్లిప్పర్స్?" అంటే "ఎస్, దే ఆర్". బడి బయట విడిచిన చెప్పులన్నీ కలిపి కుప్ప పోసి, ఒక్కో జత ఎత్తి అడిగితే అరగంట ఆట నడుస్తుంది. చెప్పులు ఎప్పుడూ జతే కాబట్టి దీజ్ అభ్యాసానికి అంతకన్న మంచి వస్తువు లేదు.

దీజ్, దోజ్: నోటి పని

ఇవి రెండో వారంలో తీసుకోండి. నాలుగు మాటలూ ఒక్క రోజే బోర్డు మీద రాస్తే పిల్లలకు నాలుగూ కలిసిపోతాయి.

దిస్‌కూ దీజ్‌కూ తేడా రెండు చోట్ల ఉంటుంది. మొదటిది హ్రస్వం, దీర్ఘం. ఇది మన పిల్లలకు చిటికెలో వస్తుంది, మన అక్షరమాల అంతా దాని మీదనే నిలబడ్డది. రెండోది చివరి జ్. దిస్‌లో చివర స్, గొంతు మోగదు. దీజ్‌లో గొంతు మోగాలి. మెడ మీద వేళ్లు పెట్టుకుని స్ స్ స్, తర్వాత జ్ జ్ జ్ అనమనండి. అదురు తెలుస్తుంది.

ఇక్కడ జొన్నలు మనకు సాయం చేస్తాయి. జొన్న, జల్లెడ, జడ అన్నప్పుడు మనం పలికే జ, జీవం అన్నప్పుడు పలికే జ కాదు. జొన్నలోని జ నాలుక కొసన, పండ్ల వెనుక పుడుతుంది. ఆ జొన్న జనే పట్టుకుని, నాలుకను పండ్ల వెనుక అంటించకుండా గాలిని సాగదీయమనండి. ఇంగ్లీష్ జ్ వచ్చేస్తుంది. ఉర్దూ ఇంటి పిల్లలకు బజార్, జమీన్, నమాజ్ లాంటి మాటల్లో ఆ ధ్వని ముందే ఉంటుంది. ఆ ఒక్క రోజు వాళ్లే టీచర్లు. వెనుక బెంచీలో మాట్లాడకుండా కూర్చునే పిల్లను ముందుకు పిలిచి మిగతా క్లాసుకు నేర్పించమంటే, ఆ సంవత్సరమంతా ఆ పిల్ల ముందు బెంచీలోనే కూర్చుంటుంది.

మాట చివర ఉకారం తగిలించి దిసు, దటు అనే అలవాటు మాన్పించండి. మొదటి ద గురించి మాత్రం పిల్లలను సతాయించకండి. నాలుక పండ్ల నడుమ పెట్టి పలకాలని చెప్పేవాళ్లున్నారు. మన ద తో పలికినా ప్రపంచంలో ఎవరికైనా అర్థమవుతుంది. ఆ సమయాన్ని తర్వాతి భాగానికి దాచుకోండి.

ఈ పుస్తకం, ఈ పుస్తకాలు

అన్నిటికన్న బలమైన తప్పు ఇక్కడ పుడుతుంది. పదో తరగతి అయిపోయినవాళ్లు, డిగ్రీ చదివినవాళ్లు కూడా "దిస్ బుక్స్", "దట్ పీపుల్" అంటుంటారు. కారణం తెలివి తక్కువ కాదు, తెలుగు వ్యాకరణం.

ఒంటరిగా నిలబడినప్పుడు తెలుగు మాట మారుతుంది: ఇది, ఇవి. అది, అవి. ఇంగ్లీష్‌తో చక్కగా సరిపోతుంది: దిస్, దీజ్. దట్, దోజ్. ఇంతవరకు చిక్కు లేదు. పేరు ముందు చేరినప్పుడు మాత్రం తెలుగు మాట మారదు. ఈ పుస్తకం, ఈ పుస్తకాలు. ఆ చెట్టు, ఆ చెట్లు. ఒకటైనా వందైనా ఈ అంటే ఈ, ఆ అంటే ఆ. ఇంగ్లీష్‌లో అక్కడ కూడా మారాలి: దిస్ బుక్, దీజ్ బుక్స్. ఉర్దూ ఇంటి పిల్లలకైతే కష్టం రెండింతలు. యే, వో అన్న మాటలు ఒకదానికైనా పదింటికైనా, ఒంటరిగా ఉన్నా పేరు ముందున్నా ఒక్కటే. వాళ్లకు ఇంకో వారం ఎక్కువ ఇవ్వండి, తొందర పెట్టకండి.

అందుకే క్రమం ఇట్లా ఉండాలి. ముందు ఒంటరి మాట: "దీజ్ ఆర్ బుక్స్." తెలుగు దీనికి తోడుగా ఉంటుంది. అది గట్టిపడ్డాకనే పేరు ముందు పెట్టండి: "దీజ్ బుక్స్ ఆర్ న్యూ." చాలా పాఠాల్లో రెండూ ఒకే పేజీలో కలిసి వస్తాయి. కలిపి చెబితే తెలుగు 'ఈ' గెలుస్తుంది, దీజ్ ఓడిపోతుంది.

రెండో దానికి వచ్చినప్పుడు పల్లికాయలతో చేయండి. గుప్పిట్లో ఒకటి పెట్టి తెరవగానే "దిస్ గ్రౌండ్‌నట్ ఈజ్ బిగ్". నాలుగు పెట్టి తెరవగానే "దీజ్ గ్రౌండ్‌నట్స్ ఆర్ బిగ్". గుప్పిట తెరిచేదాకా ఎన్ని ఉన్నాయో తెలియదు కాబట్టి పిల్లవాడు ముందుగా మాట సిద్ధం చేసుకోలేడు, చూసి ఎంచుకోవాలి. బట్టీకి, నేర్చుకోవడానికి తేడా అక్కడే వస్తుంది. చివరికి పల్లీలు తినవచ్చు.

దీజ్ వచ్చిన వాక్యంలో మూడు చోట్ల మార్పు కావాలని గుర్తుండాలి: ముందు దీజ్, పేరు చివర స్, నడుమ ఆర్. పిల్లలకు మూడు వేళ్లు చూపిస్తాను. వాక్యం చెబుతూ ఒక్కో మార్పుకు ఒక్కో వేలు మడవాలి. రెండే మడిస్తే ఏదో మరిచిపోయినట్టే, ఏదన్నది వాళ్లే వెతుక్కుంటారు. రాసేటప్పుడు కూడా నోట్‌బుక్ కింద వేళ్లు మడుస్తున్న పిల్లలను చూసిన.

మహబూబ్‌నగర్ వాళ్లకు ఈ పాఠానికి పిల్లలమర్రి కన్న మంచి చోటు లేదు. దాదాపు ఏడు వందల ఏండ్ల మర్రి, మూడు ఎకరాలకు మించి పరుచుకున్నది. ఊడలు దిగి దిగి మొదలు ఏదో తెలియదు. పిల్లలను అక్కడ నిలబెట్టి "దిస్ ట్రీనా, దీజ్ ట్రీసా?" అని అడగండి. సగం మంది దీజ్ ట్రీస్ అంటారు, సగం మంది కాదంటారు. కొట్లాడుకోనివ్వండి. ఒక్కటే చెట్టని తేలాక "దిస్ ట్రీ ఈజ్ ఓల్డ్, దీజ్ రూట్స్ ఆర్ లాంగ్" అన్న వాక్యం ఎవరూ రాసివ్వకుండానే వస్తుంది. 2018లో ఆ చెట్టుకు చెదలు పట్టి, మనిషికి ఎక్కించినట్టు సెలైన్ సీసాలతో మందు ఎక్కించారని చెబితే "దోజ్ బాటిల్స్" అని వాళ్లే కథ అందుకుంటారు. నాగార్జునసాగర్‌కు విహారయాత్ర పోయేవాళ్లు డ్యాం కనబడే చోట ఆగి "దట్ డ్యాం", "దోజ్ గేట్స్" అనిపించండి. ఇరవై ఆరు గేట్లు లెక్కపెట్టేదాకా పిల్లలు దోజ్ అంటూనే ఉంటారు.

పాలు ఇవి, మిల్క్ మాత్రం దిస్

ఈ సంగతిని పుస్తకాలు సాధారణంగా పట్టించుకోవు. తెలుగు పిల్లలకు ఇది తప్పకుండా చెప్పాలి.

మనకు నీళ్లు బహువచనం, పాలు బహువచనం. "పాలు ఉన్నయి" అంటాం, "పాలు ఉన్నది" అనం. కాబట్టి దీజ్ బాగా నేర్చుకున్న తెలివైన పిల్ల "దీజ్ ఆర్ మిల్క్" అంటుంది. ఆ పిల్ల తప్పు చేసింది సోమరితనంతో కాదు, నియమాన్ని ఒళ్లు దగ్గర పెట్టుకుని పాటించి. ముందు ఆ మాట చెప్పి మెచ్చుకోండి, తర్వాత దిద్దండి.

ఒక పీరియడ్ వంటింటికి కేటాయించండి. మధ్యాహ్న భోజనం వండే అమ్మను అడిగి చిన్న గిన్నెల్లో తెప్పించండి. నీళ్లు, పాలు, బియ్యం, వడ్లు, జొన్నలు, కందులు: తెలుగులో అన్నీ ఇవి. ఇంగ్లీష్‌లో అన్నీ దిస్. దిస్ ఈజ్ వాటర్, దిస్ ఈజ్ రైస్, దిస్ ఈజ్ ప్యాడీ, దిస్ ఈజ్ జోవర్, దిస్ ఈజ్ రెడ్ గ్రామ్. పక్కనే ఉల్లిగడ్డలు, టమాటలు, పల్లికాయలు పెట్టండి. అవి ఇక్కడా అక్కడా ఇవే: దీజ్ ఆర్ ఆనియన్స్. వంటింటి బయట ఇంకో నాలుగు చేర్చండి. పైసలు, వెంట్రుకలు, సామాన్లు, వార్తలు తెలుగులో బహువచనాలు. మనీ, హెయిర్, లగేజ్, న్యూస్‌లకు దిస్ వస్తుంది. న్యూస్ చివర స్ కనబడుతుంది, అది మోసం.

తిరగబడ్డవి కూడా ఉన్నాయి. కత్తెర మనకు ఒకటి, ఇంగ్లీష్‌కు రెండు అలుగులు కాబట్టి "దీజ్ ఆర్ సిజర్స్". ప్యాంటు, లాగు ఒకటే అయినా రెండు కాళ్లున్నాయి కాబట్టి దీజ్ ట్రౌజర్స్, దీజ్ షార్ట్స్. పొయ్యి మీది గిన్నె దించే పట్టకారు కూడా అంతే. జనం అన్న మాట మనకు ఏకవచనంలా ఉంటుంది, పీపుల్‌కు మాత్రం దీజ్ పీపుల్, దోజ్ పీపుల్. ఈ జాబితా మొత్తం ఒక్క రోజు వద్దు. పిల్లలు గోడ మీద ఒక చార్టు పెట్టి, తెలుగుకూ ఇంగ్లీష్‌కూ పొసగని మాట దొరికినప్పుడల్లా రాసుకుంటూ పోతే ఏడాది చివరికి అది వాళ్లు కట్టిన నిఘంటువు అవుతుంది.

అమ్మను 'ఇది' అంటామా?

ఐదో తరగతి పిల్ల ఒకసారి తల్లిని బడికి తీసుకొచ్చింది. "దిస్ ఈజ్ మై మదర్ అని చెప్పు" అంటే తల వంచుకుని నిలబడ్డది. రెండుసార్లు అడిగాక మెల్లగా "అమ్మను ఇది అనొచ్చా టీచర్?" అన్నది. ఆ పిల్లకు ఇంగ్లీష్ రాక ఆగలేదు, మర్యాద తెలిసి ఆగింది. తెలుగులో తల్లిని "ఇది మా అమ్మ" అనం. ఈమె అంటాం. దిస్ అంటే ఇది అని మనమే నేర్పాం, ఇంకేం చేస్తుంది?

కాబట్టి మనుషులను పరిచయం చేసే పాఠం విడిగా చెప్పండి. దిస్ అన్న మాటలో అమర్యాద లేదు. ఈయన, ఈమె, ఇతను, వీడు అన్నిటికీ పరిచయంలో దిస్ ఒక్కటే. "దిస్ ఈజ్ మై గ్రాండ్‌ఫాదర్" అంటే తాతకు తక్కువ చేసినట్టు కాదు. "వీళ్లు నా దోస్తులు" అన్నచోట "దీజ్ ఆర్ మై ఫ్రెండ్స్". ఇవి అని తెలుగులో మనుషులను అనం కాబట్టి ఇక్కడ కూడా పిల్లలు వెనక్కి తగ్గుతారు. ముందే చెప్పి ధైర్యం ఇవ్వండి. గౌరవం కోసం తెలుగులో వాడే బహువచనాన్ని ఇంగ్లీష్‌లోకి తేకూడదు. "వీరు మా సార్" అన్నా "దిస్ ఈజ్ అవర్ సర్", దీజ్ కాదు.

హద్దు కూడా చెప్పాలి. మనిషికి దిస్ ఒంటరిగా వాడేది పరిచయం చేసేటప్పుడు, ఎవరో గుర్తు పట్టేటప్పుడు మాత్రమే. "వీడు పడుకున్నడు" అన్నదాన్ని "దిస్ ఈజ్ స్లీపింగ్" అంటే తప్పు, వినడానికి కూడా బాగుండదు. అక్కడ "హీ ఈజ్ స్లీపింగ్". మనకు దగ్గరివాడు వీడు, దూరంవాడు వాడు. ఇంగ్లీష్ హీకి ఆ తేడా లేదు, ఇద్దరూ హీ. పరిచయం దిస్‌తో, ఆ తర్వాత మాటంతా హీ, షీ, దే లతో. బడి వార్షికోత్సవానికి తల్లిదండ్రులు వచ్చినప్పుడు ప్రతి పిల్లా తన వాళ్లను రెండు వాక్యాల్లో పరిచయం చేసేట్టు చూడండి: "దిస్ ఈజ్ మై మదర్. షీ ఈజ్ ఎ ఫార్మర్." ఆ తల్లి ముఖం కూడా చూడండి.

ఫోను, కాలం

వీటికి ఒక్క పీరియడ్ చాలు. ఫోనులో తన పేరు చెప్పేటప్పుడు "దిస్ ఈజ్" అని మొదలుపెట్టాలి. "ఐ యామ్" అని మనం నేరుగా తెస్తాం. కాలం విషయంలో తెలుగు తోడుంటుంది: ఈ రోజుల్లో దీజ్ డేస్, ఆ రోజుల్లో దోజ్ డేస్, ఈ సంవత్సరం దిస్ ఇయర్. రెండు మాత్రం తప్పించాలి. ఇయ్యాళకు దిస్ డే కాదు, టుడే. ఈ రాత్రికి దిస్ నైట్ కాదు, టునైట్. 'అని' అన్న అర్థంలో వచ్చే ఇంకో దట్ ఉన్నది. ఆరో తరగతికి ముందు దాని జోలికి పోకండి.

వచ్చిందో లేదో చూడడం

ఖాళీలు పూరించే కాగితంతో ఇది తెలియదు. కాగితం మీద ఆపిల్ బొమ్మ వేసి పక్కన గీత పెడితే ఆ ఆపిల్ దగ్గరున్నదా దూరమున్నదా ఎవరికి తెలుసు? బొమ్మే వాడాలనుకుంటే అందులో చెయ్యి చాపిన మనిషి కూడా ఉండాలి.

నేను అంగడి పెట్టిస్తాను. నలుగురు పిల్లలు గంపలు, తట్టలు ముందు పెట్టుకుని అమ్మేవాళ్లు, మిగతావాళ్లు కొనేవాళ్లు. అమ్మే పిల్లకు సరుకు దగ్గర, కొనే పిల్లవాడికి కొంచెం దూరం. "హౌ మచ్ ఆర్ దోజ్ టొమాటోస్?" "దీజ్? ట్వెంటీ రుపీస్." "ఐ వాంట్ దట్ వన్, నాట్ దిస్ వన్." ఒకే బేరంలో నాలుగు మాటలూ, ఇట్, దే కూడా వస్తాయి. బియ్యం తట్ట ఒకటి తప్పకుండా పెట్టండి. "దిస్ రైస్" అంటారా, "దీజ్ రైస్" అంటారా అన్నది అక్కడ బయటపడుతుంది. ఆట నడుస్తుండగా ఆపి దిద్దకండి. ఒక మూల నిలబడి విన్న తప్పులు రాసుకోండి. చివర్లో ఎవరి పేరూ చెప్పకుండా ఆ వాక్యాలు బోర్డు మీద రాసి, వాళ్లతోనే సరిచేయించండి.

తర్వాత నెల రోజులు ఈ పాఠం ఊసెత్తకండి. ఒక రోజు మధ్యాహ్నం భోజనం దగ్గర, ఏ హెచ్చరికా లేకుండా, దూరంగా ఉన్న నీళ్ల బకెట్ చూపించి ఒక పిల్లను "వాట్ ఈజ్ దట్?" అని అడగండి. "ఇట్ ఈజ్ ఎ బకెట్" అని అన్నం కలుపుతూనే చెబితే ఆ పిల్లకు వచ్చినట్టు. చెయ్యి కడుక్కుని లేచి నిలబడి "దట్ ఈజ్ ఎ బకెట్, టీచర్" అని రాగం తీస్తే, మర్నాడు ముగ్గుపిండి మళ్లీ తెప్పించండి.